జరం రాని కదిరప్ప

రొద్దం నుంచి పెనుకొండకు పోయే రోడ్డు దిగి కాస్త లోపలికి పోతే సానగుంటపల్లి వస్తుంది. ఆ ఊళ్లో కదిరప్పలు ముగ్గురున్నారు. ఒకాయన పొట్టి కదిరప్ప, ఒకాయన సైకిల్ కదిరప్ప, ఇంకొకాయన జరం రాని కదిరప్ప. ఈ కథ మూడో ఆయనది.

ఆ పేరు ఊరు పెట్టింది. కొన్నేళ్ల కిందట, వానలు మొదలైన నెలలో ఊరి మీద చికున్ గున్యా పడింది. గొర్రెలు మేపే గంగులమ్మ ఇంట్లో మొదలై, చూస్తుండగానే ఇంటింటినీ మంచమెక్కించింది. జరం తగ్గింది గానీ నొప్పులు తగ్గలేదు. నిన్నటిదాకా గుట్టలెక్కిన మనుషులు గోడ పట్టుకుని వాకిట్లోకి వచ్చేవాళ్లు. సంగటి గెలికే చేతులు లేక కొన్ని ఇళ్లల్లో గంజితో సరిపెట్టుకున్నారు. ఆ రోజుల్లో ఊళ్లో నిటారుగా నడిచింది కదిరప్ప ఒక్కడే. నడవడమే కాదు, తన ఎనుములతో పాటు వీధిలో వాళ్ల ఎనుముల పాలు కూడా పిండాడు. గంగులమ్మ గొర్రెల్ని మేతకు తోలుకుపోయాడు. లేవలేని వాళ్లను ట్రాక్టర్ ట్రాలీలో పరుపులు పరిచి పెనుకొండ ఆస్పత్రికి చేర్చాడు. ఊరు ఆ మేలు మరిచిపోలేదు. మరిచిపోయే వీలు కదిరప్ప ఇవ్వలేదు కూడా.

పొద్దున నల్లప్ప టీ అంగడి కాడ ఎవరు ఏ మాట ఎత్తినా కదిరప్ప దాన్ని ఆ ఏడు దగ్గరికి తీసుకుపోయేవాడు. "ఊరంతా పడిపోయినా నాకు రాల్యా. యాల రాల్యా? తెల్లారే చన్నీళ్ల స్నానం, మూడు పూటలా రాగి సంగటి. ఒళ్లు గట్టిగుంటే దోమ ఏం చేస్తాది?" అనేవాడు. నల్లప్ప గ్లాసు అందిస్తూ తల ఊపేవాడు. ఆ మాట విని విని ఆయనకు అది టీలో చక్కెర లాగా అలవాటైపోయింది.

అంతటితో ఆగితే ఎవరికీ ఇబ్బంది లేదు. కానీ కదిరప్పకు ఇంకో మాట ఉండేది. ఇన్నేళ్లయినా మోకాళ్లు పట్టేస్తున్నాయనీ, వేళ్లు ముడుచుకోవడం లేదనీ ఎవరైనా అంటే ఆయన ఒప్పుకునేవాడు కాదు. "జరం యాపొద్దో పోయింది. ఇంకా నొప్పి అంటే అది మనసులో నొప్పి. కూర్చుంటే ఉంటాది, లేసి పని చేస్తే పోతాది" అని తేల్చేసేవాడు.

ఆ మాట అందరికంటే ఎక్కువగా విన్నది ఆయన పెండ్లాం సిద్ధమ్మ. జరం పోయినా ఆమెకు చేతి వేళ్లు తిరిగి మామూలు కాలేదు. తెల్లారి లేస్తే పిడికిలి బిగిసేది కాదు. పొయ్యి మీద నీళ్లు గోరువెచ్చగా కాచుకుని, దొడ్లో రాతి మీద కూర్చుని, చేతులు ముంచి ఒక్కో వేలూ వంచుకుంటే గానీ చీపురు పట్టలేకపోయేది. వాళ్లకు ముందునుంచీ పట్టుపురుగుల పెంపకం ఉండేది. మల్బరీ ఆకు తరగడం, పండిన పురుగుల్ని ఏరి గూళ్లు కట్టే చంద్రికల మీదికి వదలడం, గూళ్లు విడిపించడం అంతా వేళ్ల పనే. ఆ జరం తర్వాత రెండు పంటలు చూసి సిద్ధమ్మ ఇంక నా వల్ల కాదంది. పురుగుల షెడ్డు శెనక్కాయ మూటలకు పోయింది. కదిరప్ప మల్బరీ తోట దున్నేశాడు గానీ ఆ కోపం మాత్రం దున్నలేకపోయాడు. "చేసే మనిషి చేయలేనంటే ఏం జేస్తాం" అని వచ్చినవాళ్లకు చెప్పేవాడు. సిద్ధమ్మ వినీ విననట్టు లోపలికి పోయేది.

రెండేళ్ల కిందట ఒక పొద్దున కల్పన స్కూటీ మీద ఆ ఊరికి వచ్చింది. హిందూపురం పిల్ల, నర్సు చదువు చదివింది. చికున్ గున్యా వచ్చి పోయిన పెద్దవాళ్ల ఆరోగ్యం ఏళ్ల తర్వాత ఎట్లుంటుందో తెలుసుకోవడానికి డాక్టర్లు ఒక పరిశోధన మొదలుపెట్టారు. అందులో చేరే మనుషుల్ని వెతకడం కల్పన పని. నల్లప్ప అంగడి ముందు స్కూటీ ఆపి, నలుగురినీ పిలిచి చెప్పింది.

"మందు అమ్మడానికి రాలేదు, సూది వేయడానికీ రాలేదు. మీ ఒంట్లో ఆ జరం ఏమన్నా మిగిల్చి పోయిందా, అది చూస్తాం. ఇష్టముంటే రావచ్చు, వద్దనుకున్నప్పుడు మానుకోవచ్చు."

సిద్ధమ్మ పాల క్యాను దింపి, అందరికంటే ముందు తన పేరు చెప్పింది. తన నొప్పి గురించి అడగడానికి ఒక మనిషి హిందూపురం నుంచి పని గట్టుకుని వచ్చిందంటే ఆమెకు ఒక పక్క ఆశ్చర్యం, ఒక పక్క ఆనందం. గంగులమ్మ కూడా చేరింది. కదిరప్ప బెంచీ మీద కాలు మీద కాలేసుకుని చూస్తున్నాడు.

"పెద్దనాయనా, మీరు?" అంది కల్పన.

"నాకు రానే లేదు కదమ్మా. నన్నేం చూస్తారు."

"రానోళ్లు కూడా కావాల పెద్దనాయనా. వచ్చినోళ్లకు మోకాలు నొప్పి ఉంటే, అది జరం వల్లనా, వయసు వల్లనా ఎట్ల తెలుస్తాది? అదే వయసులో జరం రానోళ్లను పక్కన పెట్టి చూస్తే గదా తెలిసేది. అట్లాంటోళ్లు దొరకడమే కష్టంగా ఉండాది."

కదిరప్ప కాలు దించి సరిగ్గా కూర్చున్నాడు. ఇన్నేళ్లుగా తాను చెప్పుకుంటున్న సంగతి డాక్టర్లకు కావాల్సి వచ్చింది. "అట్లయితే రాసుకో" అన్నాడు, అటూ ఇటూ చూసి. "సానగుంటపల్లిలో ఆ లెక్కన నేనొక్కన్నే."

మొదటి పరీక్షలు పెనుకొండలో పెట్టారు. జీపు వచ్చింది. కదిరప్ప ఇస్త్రీ చొక్కా వేసుకుని ముందు సీట్లో కూర్చున్నాడు. చొక్కా గుండీలు, తన వేళ్లు వేడినీళ్లలో సాగినాక, సిద్ధమ్మే పెట్టింది. కొన్నాళ్లుగా ఆయన గుండీల చొక్కా వేయడమే తగ్గించి బనియన్లతో తిరుగుతున్నాడు. ఎండలకు హాయిగా ఉంటుందని చెప్పేవాడు. అన్నానికి కింద కూర్చోవడం కూడా మానేశాడు. కుర్చీ మీద కూర్చుంటే తిన్నది బాగా అరుగుతుందనేవాడు. సిద్ధమ్మ అవన్నీ చూస్తూనే ఉంది.

పరీక్షలు పెద్ద కష్టమైనవేం కాదు. చేతులు కట్టుకుని కుర్చీలో నుంచి లేచి కూర్చోవడం, మెట్లెక్కి దిగడం, కొంచెం రక్తం ఇవ్వడం. చివరన పిడికిలి బలం చూసే మిషన్ ఒకటి. పిడి పట్టుకుని నొక్కితే ముల్లు కదులుతుంది. గంగులమ్మ నొక్కింది. గొర్రెలు పట్టిన చెయ్యి, నొప్పులున్నా ముల్లు బాగానే లేచింది. కదిరప్ప చొక్కా చేతులు పైకి మడిచి, ఊపిరి బిగబట్టి నొక్కాడు. ముల్లు గంగులమ్మది లేచినంత కూడా లేవలేదు.

"ఈ మిషన్ సరిగా లేదు పాపా" అన్నాడు.

"ఇంకోసారి నొక్కండి పెద్దనాయనా."

ఇంకోసారి నొక్కాడు. మిషన్ అదే మాట చెప్పింది.

తర్వాత తెర చాటున కూర్చోబెట్టి కల్పన ప్రశ్నలు అడిగింది. తెరకు ఇవతల సిద్ధమ్మ తన వంతు కోసం కూర్చుని ఉంది.

"పొద్దున లేస్తూనే వేళ్లు బిగుసుకుంటాయా?"

"లేదు."

ఇవతల నుంచి చిన్న దగ్గు వినపడింది.

"మోకాళ్లు?"

"మోకాళ్లకేమి, రాళ్ల మాదిరి ఉండాయి."

మళ్లీ దగ్గు.

"కింద కూర్చుని లేవడానికి ఇబ్బంది ఏమన్నా?"

"ఎప్పుడూ లేదు" అని, తెర వైపు తిరిగి, "ఏమే, దగ్గు మందు తెచ్చుకోగూడదా?" అన్నాడు కదిరప్ప.

కల్పన నవ్వు దాచుకోవడానికి తల దించింది. తర్వాత మామూలుగానే, "మీరు చెప్పిందే రాస్తాను. కాకపోతే నిజం చెప్తేనే నాకు పనికొస్తాది పెద్దనాయనా. మీ మాట చూసే కదా, వచ్చినోళ్ల నొప్పి ఎంతో మేము కొలిచేది" అంది. కదిరప్ప ఆమె వైపు వంగాడు. "వేళ్లు కొంచెం... చలికాలంలో" అన్నాడు, తెర ఇవతలికి వినపడనంత మెల్లగా.

కొన్ని వారాల తర్వాత హిందూపురం రమ్మని ఫోనొచ్చింది. సిద్ధమ్మను కూడా రెండో పరీక్షకు పిలిచారు. ఆమెను కల్పన ఒక గదిలోకి తీసుకుపోతే, కదిరప్పను డాక్టర్ రోజా తన గదిలో కూర్చోబెట్టి తలుపు వేసింది. ఆమె ఈ పరిశోధన నడిపే డాక్టర్. తొందరపడకుండా మాట్లాడే మనిషి.

"కదిరప్ప గారూ, భయపడే సంగతి ఏం కాదు. చికున్ గున్యా వచ్చి పోయిన వాళ్ల రక్తంలో ఒక గుర్తు ఏళ్ల తరబడి ఉండిపోతుంది. మీ రక్తంలో ఆ గుర్తు ఉంది."

కదిరప్పకు మొదట అర్థం కాలేదు. అర్థమైనాక ఒప్పుకోలేదు. "సీసాలు తారుమారైంటాయి మేడం. ఆ పొద్దు పొట్టి కదిరప్ప కూడా వచ్చినాడు. అదే పేరు."

"నాకూ ఆ అనుమానం వచ్చింది. అందుకే మీరిచ్చిన దాంట్లో మిగిలింది ఇంకోసారి చూపించాను. కావాలంటే ఇప్పుడు మళ్లీ తీసి మూడోసారి చూద్దాం."

"తీయండి" అన్నాడు కదిరప్ప, చెయ్యి చాపి. ఆ రక్తం కూడా కొన్నాళ్లకు ముందు మాటే చెప్పింది. కానీ ఆయనకు అప్పటిదాకా ఆగాల్సిన పని పడలేదు. రక్తం తీస్తుండగా రోజా మామూలుగా అడిగింది, "ఆ ఏడు మీకు వేరే ఎక్కడన్నా, చిన్న జ్వరం లాంటిదైనా రాలేదా?"

"రాల్యా" అనబోయి కదిరప్ప ఆగాడు.

ఆ ఏడు ఎండాకాలం చివర్లో తమ్ముడి కూతురు యశోద పెండ్లికి పట్టుచీరలు తేవడానికి ధర్మవరం పోయాడు. చీరల అంగళ్లు తిరిగి తిరిగి సాయంత్రానికి ఒళ్లు కాలిపోయింది. బస్సెక్కే ఓపిక లేక లాడ్జిలో గది తీసుకుని పడుకున్నాడు. మరుసటి రోజు కూడా లేవలేదు. కాళ్లు విరగ్గొట్టినట్టు ఉండింది. లాడ్జి ఆయన మజ్జిగ తెచ్చిచ్చి, ఎండదెబ్బ తగిలిందప్పా అన్నాడు. కదిరప్ప కూడా ఎండదెబ్బే అనుకున్నాడు. జరం దిగినాక చీరలు తీసుకుని ఇంటికొచ్చి, రంగులు నచ్చక మార్పించుకుంటూ ఆలస్యమైందని చెప్పాడు. ఎండకు పడిపోయానని చెప్పుకోవడానికి నామోషీ. తర్వాత కొన్ని వారాల్లోనే ఊరికి జరం వచ్చింది. ఆ హడావుడిలో ధర్మవరం సంగతి ఆయన నిజంగానే మరిచిపోయాడు.

ఇదంతా విని రోజా, "అదే అయ్యుండొచ్చు. కొందరికి తేలిగ్గా వచ్చి పోతుంది. ఒకసారి వచ్చి పోతే మామూలుగా మళ్లీ రాదు. ఊరంతా పడినప్పుడు మీరు నిలబడింది అందుకేనేమో" అంది.

"మరి ఈ నొప్పులు దాని వల్లనేనా?" ఆ మాట నోట్లోంచి వచ్చినాక గానీ, నొప్పులున్నాయని ఒప్పుకున్నట్టు కదిరప్పకు తెలియలేదు.

"అది నేనిప్పుడు చెప్పలేను. వయసు వల్ల కావచ్చు, జ్వరం వల్ల కావచ్చు, రెండూ కలిసి కావచ్చు. అది తెలుసుకోవడానికే ఇంతమందిని చూస్తున్నాం. మిమ్మల్ని జ్వరం వచ్చినవాళ్లలోకి మారుస్తాను, అంతే."

కదిరప్ప చొక్కా చెయ్యి దించుకుని, "ఊళ్లో తెలియకూడదు మేడం" అన్నాడు.

"మా నుంచి ఎవరికీ తెలియదు. మీ ఇంట్లో ఆమెకు కూడా."

తిరిగి వచ్చేటప్పుడు కదిరప్ప జీపులో వెనక కూర్చున్నాడు.  ఇంటికొచ్చినాక సంగటి ముద్ద సగం వదిలేశాడు. ఊరిబిండి పచ్చడి ముట్టనే లేదు.  తలుపేసిన గదిలో డాక్టరమ్మ అంతసేపు మాట్లాడిందంటే అది మంచి మాట అయ్యుండదనుకుంది సిద్ధమ్మ.

"ఏం జెప్పినారు? ఏముంటే అది చెప్పు. నేను గట్టి మనిషినే" అంది. 

ఆ మాట విని కదిరప్ప దాచలేకపోయాడు. "నాకు కూడా వచ్చిందంటమే" అన్నాడు.

"ఏం వచ్చింది?"

"ఆ జరం. ధర్మవరంలో."

 సిద్ధమ్మ నవ్వడం మొదలుపెట్టింది. మొదట కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. తర్వాత గోడకు ఆనుకుని, కంట్లో నీళ్లొచ్చేదాకా నవ్వింది. కదిరప్ప తిట్టలేదు. ఆమె అట్లా నవ్వి ఎన్నాళ్లయిందో ఆయనకు గుర్తు రాలేదు. నవ్వు ఆగినాక ఆమె ముఖం తుడుచుకుని, తనకు తెలిసిందే ఆయన నోట వినాలని మెల్లగా అడిగింది.

"అయితే ఇన్నేండ్లూ నీకూ నొప్పి ఉండిందా?"

"ఉండింది."

"ఉండీ, నాది మనసులో నొప్పి అంటివే."

 కదిరప్ప కంచం ముందు తల వంచుకుని, "నాకే నమ్మకం లేకపోయ. నీది నిజమంటే నాది కూడా నిజమనల్ల గదా" అన్నాడు. అది సరైన జవాబు కాదని ఆయనకు తెలుసు. సిద్ధమ్మకూ తెలుసు. ఆమె కంచం తీసుకుని లోపలికి పోయింది. ఆ తర్వాత రెండు రోజులు అవసరమైన మాటలు తప్ప మాట్లాడలేదు. కదిరప్ప నల్లప్ప అంగడి వైపు పోలేదు. చేలో కలుపు తీస్తున్నానని చెప్పి వేపచెట్టు కింద కూర్చుని వచ్చాడు.

మూడో పొద్దున ఆయన లేచి దొడ్లోకి పోయేసరికి సిద్ధమ్మ పొయ్యి ముందు ఉంది. రోజూ కాచే చిన్న గిన్నె కాదు, పెండ్లిళ్లకు తీసే పెద్ద డేగిసా పెట్టింది. నీళ్లు వెచ్చబడినాక దించి, "రా" అంది. కదిరప్ప వచ్చి ఎదురు రాతి మీద కూర్చున్నాడు. ఇద్దరూ చేతులు ముంచారు. "ముందు బొటన వేలు కాదు, చిటికెన వేలు వంచు. అదే మొండిది" అని ఆమె చూపించింది. ఆయన ఆమె చెప్పినట్టే చేశాడు. నీళ్లలో ఆమె వేళ్ల కణుపులు ఎంత లావుగా అయిపోయాయో కదిరప్ప అప్పుడే సరిగా చూశాడు. చూసి, తన వేళ్లు వంచడం ఆపి, ఆమె చెయ్యి పట్టుకుని ఒక్కో కణుపూ మెల్లగా రుద్దాడు. చన్నీళ్ల స్నానం ఆ వారంలోనే మానేశాడు.

ఊళ్లో చెప్పాలా వద్దా అన్నది ఆయన ఒక్కడే తేల్చుకున్నాడు. ఒకనాడు టీ అంగడి కాడ నలుగురూ ఉన్నప్పుడు గొంతు సవరించుకున్నాడు.

"అప్పా, ఒక సంగతి. ఆ గున్యా జరం నాకు కూడా వచ్చిందంట. రక్తంలో తెలిసింది."

ఎవరూ ఉలిక్కిపడలేదు. నల్లప్ప టీ వడపోస్తూనే, "నీ మోకాళ్లు చూసి ఎప్పుడో అనుకున్నాంలే. బస్సు దిగేటప్పుడు కమ్మీ పట్టుకుని వేలాడతాంటివి గదా" అన్నాడు. గొర్రెల్ని రోడ్డు పక్కన నిలిపి వింటున్న గంగులమ్మ అడిగింది, "యాడ పట్టిందప్పా నీకు?"

"ధర్మవరంలో. యశోద పెండ్లి చీరలకు పోయినప్పుడు."

"అంటే మాకంటే ముందే. అయితే చీరలతో పాటు దాన్ని గూడా నువ్వే తెచ్చింటివా?"

అంగడి అంగడంతా నవ్వింది. కదిరప్పకు అప్పటిదాకా ఆ ఆలోచన రానే లేదు.  ఆ సాయంత్రమే కల్పనకు ఫోన్ చేసి అడిగాడు. "ఎవరు తెచ్చినారో ఎవరూ చెప్పలేరు పెద్దనాయనా. ఆ ఏడు అన్ని ఊళ్లలోనూ ఉన్నింది, దోమలు అన్ని చోట్లా ఉన్నాయి. మీరు అది మనసులో పెట్టుకోవద్దు" అందామె. మనసులో పెట్టుకోవద్దు అన్న మాట ఆయనకు కొంచెం గుచ్చుకుంది. గంగులమ్మ గొర్రెల పాకకు కప్పు మరమ్మతు చేయాల్సి ఉంటే మర్నాడు తానే రేకులు మోసుకుపోయాడు. 

కదిరప్ప పూర్తిగా మారిపోయాడని ఎవరూ అనరు. నెల తిరక్కముందే ఆయన మాటకు కొత్త రూపు వచ్చింది. "జరం వచ్చి కూడా ఊరి ఎనుములన్నీ పిండినోన్ని నేను" అనడం మొదలుపెట్టాడు. కానీ మనసులో నొప్పి అన్న మాట మళ్లీ ఆయన నోట రాలేదు. ఎవరైనా మోకాలు పట్టుకుంటే, "హిందూపురం రా, ఆడ ఎట్ల కూర్చోవల్ల, ఎట్ల లేవల్ల నేర్పిస్తాండారు" అని వెంటపడేవాడు. ఆరు నెలలకోసారి పరీక్షకు రావడం జనానికి విసుగు. సానగుంటపల్లి నుంచి మాత్రం ఒక్కరూ తగ్గలేదని కల్పన అంటుంది. ఒకసారి కదిరప్ప నల్లమాడలో బంధువుల ఇంటికి పోయి అక్కడ కూడా ఇద్దర్ని పట్టుకొచ్చాడు. వాళ్లలో ఒకాయనకు నొప్పి జరం వల్ల కాదు, చెప్పుల వల్ల అని తేలింది.

పురుగుల షెడ్డులోంచి శెనక్కాయ మూటలు కూడా బయటికి పోయాయి. హిందూపురంలో పరీక్షల కాడ వ్యాయామం నేర్పే ఆమె ఒక మాట చెప్పింది. వంగి చేసే పని నడుమెత్తుకు లేపమనీ, వేళ్లతో లాగే పని అరచేతికి మార్చమనీ. కదిరప్ప ఇనుప స్టాండ్లు చేయించాడు. ఆకు తరగకుండా కొమ్మలతోనే మేత వేసే పద్ధతి పెట్టాడు. ప్లాస్టిక్ చంద్రికలు తెచ్చాడు. మల్బరీ తోట మాత్రం మునుపటిలో సగమే నాటాడు. "అంతే చాలు" అని సిద్ధమ్మ ముందే గిరి గీసింది.

పరిశోధన ఇంకా నడుస్తూనే ఉంది. నొప్పులు ఎవరికి ఎందుకు మిగిలాయో డాక్టర్ రోజా ఇంకా చెప్పలేదు, ఇంకొన్నేళ్లు చూడాలంటుంది. కదిరప్పకు మోకాళ్లు చలికాలంలో మొరాయిస్తూనే ఉన్నాయి. సిద్ధమ్మ పిడికిలి కొంచెం బలపడింది.

మొన్న పరీక్ష అయిపోయినాక జీపు ఎక్కబోతుంటే సిద్ధమ్మ కదిరప్ప మోచేయి పట్టుకుని ఆపింది. "మనం రైల్లో పోదామా? మనిద్దరమే ఎప్పుడన్నా రైలెక్కినామా?" అంది. కల్పనకు చెప్పి, ఇద్దరూ మసాలా దోసె తిని, హిందూపురం స్టేషన్‌కు పోయి పెనుకొండలో దిగుదామని ధర్మవరం వైపు పోయే రైలెక్కారు. కిటికీ పక్క సీటు ఆమెకిచ్చి కదిరప్ప ఎదురుగా కూర్చున్నాడు. బయట శెనక్కాయ చేలూ, గుట్టలూ, గాలిమరలూ వెనక్కి పోతున్నాయి. సిద్ధమ్మ రెండు చేతులూ కిటికీ కమ్మీల మీద పెట్టుకుని గాలికి కళ్లు సగం మూసుకుంది.

"బాగుండాదా?" అన్నాడు కదిరప్ప.

"బాగుండాది. ధర్మవరం దాకా పోదామా? ఒక చీర చూసుకుని రేపు వద్దాం."

 కదిరప్ప ఎనుముల పాలు పిండమని చెప్పడానికి గంగులమ్మకు ఫోన్ కలిపాడు.